కౌంటర్ దాటి వచ్చిన మనుషులు

షిన్‌చూలో చలికాలం వచ్చిందంటే ఈశాన్య గాలి పగలూ రాత్రీ ఆగదు. తైపేకి నైరుతిగా, సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరికి తైవాన్‌లో గాలుల ఊరనే పేరుంది. ఆ గాలికి బియ్యపు సేమ్యా ఆరబెట్టి అమ్ముకోవడం అక్కడివాళ్ల పాత వ్యాపారం. 1980లో సైన్స్ పార్కు పెట్టి, 1987లో మోరిస్ చాంగ్ చిప్పుల తయారీ కంపెనీ టీఎస్‌ఎంసీని అక్కడ స్థాపించాక ఊరి దశ తిరిగింది. ఆ పార్కు దగ్గరే చింగ్‌హువా, చావ్‌తుంగ్ అని రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు పక్కపక్కనే ఉంటాయి. పరిశోధనకు వచ్చిన భారతీయ విద్యార్థుల్లో తెలుగువాళ్లమూ చాలామందిమే ఉండేవాళ్లం. నేను 2014లో వెళ్లాను, 2021 చివరిదాకా ఉన్నాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో నేను చేసే ఉద్యోగం వల్ల ‘తైవాన్ ఎలా ఉంటుంది’ అని అడిగేవాళ్లు తరచూ ఎదురవుతుంటారు. చిప్పుల తయారీ గురించి వినాలని వాళ్లకు ఉంటుంది. అదీ చెబుతాను గానీ, నా మనసు మాత్రం ముందుగా అక్కడి కొట్లవాళ్ల మీదికి, బస్సు డ్రైవర్ల మీదికి, మందుల షాపులవాళ్ల మీదికి పోతుంది. భాష రాని పరాయి మనిషి ఎదురుగా నిలబడితే వాళ్లు మెలిగే తీరులో ఒక విశేషం ఉంది. ఒకసారి సాయానికి దిగారంటే పని పూర్తయ్యేదాకా వదలరు. దారి అడిగితే చెయ్యి చూపించి పంపేయరు, మలుపు దాకా వెంట వస్తారు. ఆ తీరుకు నేను ఎంతగా అలవాటు పడ్డానో తిరిగి వచ్చాక గానీ తెలియలేదు.

తైవాన్ జనాభా 2 కోట్ల 30 లక్షలకు కాస్త ఎక్కువ. అంత చిన్న ద్వీపంలో కన్వీనియన్స్ స్టోర్లు పది వేలకు పైగా ఉన్నాయి. ఊళ్లలో ఏ వీధిలోకి తిరిగినా ఒక సెవెన్ ఎలెవనో, ఫ్యామిలీ మార్టో కనిపిస్తుంది. చాలామటుకు 24 గంటలూ తెరిచే ఉంటాయి. లోపలికి అడుగు పెట్టగానే తలుపు గంట మోగుతుంది, ‘హువాన్‌యింగ్ గువాంగ్‌లిన్’ అని స్వాగతం వినిపిస్తుంది, సోయా సాసు, టీ ఆకు కలిపిన నీళ్లలో ఉడుకుతున్న గుడ్ల వాసన వస్తుంది. కరెంటు బిల్లు, ఫోను బిల్లు, కాలేజీ ఫీజు కట్టడం, రైలు టికెట్టు తీసుకోవడం, పార్సిల్ అందుకోవడం, కాగితాలు ప్రింటు తీసుకోవడం, అన్నీ అక్కడే. సెవెన్ ఎలెవన్‌లో ఈ పనులకు ఐబాన్ అనే యంత్రం ఒకటి గోడ వారగా నిలబడి ఉంటుంది. నేను వెళ్లిన కొత్తలో దాని తెర మీద నాకు చదవగలిగింది అంకెలు మాత్రమే.

ఆ శరదృతువులో తూర్పు తీరంలోని హువాలియన్ ఊరికి వెళ్లే రైలుకు టికెట్టు కావలసి వచ్చింది. రాత్రి పది దాటింది. కౌంటర్‌లో ఇరవై ఏళ్లు కూడా నిండని అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. నేను యంత్రం ముందు నిలబడి ఉండటం చూసి, చేతిలోని పని ఆపి, కౌంటర్ పక్కన చెక్క తలుపు తోసుకుని నా దగ్గరికి వచ్చాడు. నా పాస్‌పోర్టు తీసుకుని పేరులోని ఒక్కొక్క అక్షరాన్నీ వేలు పెట్టి చూసుకుంటూ ఎక్కించాడు. తెలుగు పేర్లు ఎంత పొడుగుంటాయో మనకు తెలుసు. మధ్యలో పొరపాటు వచ్చినట్టుంది, మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి కొట్టాడు. ఈలోగా కౌంటర్ ముందు నలుగురు చేరారు. ఎవరూ విసుక్కోలేదు, గొంతు సవరించుకోలేదు. ఒకావిడ చేతిలో పాల డబ్బాతో వచ్చి మేము ఏ తేదీ టికెట్టు చూస్తున్నామో తొంగి చూసింది. ఆ అబ్బాయితో ఏదో అంది. మరో రైలు తొందరగా వెళుతుందని ఆమె చెప్పిందట. అతను దాన్ని కూడా తెర మీద తెచ్చి, రెండు బయలుదేరే సమయాలూ చూపించి, ఏది కావాలని కళ్లతోనే అడిగాడు.

యంత్రంలోంచి వచ్చిన చీటీ తీసుకుని కౌంటర్‌కు వెళితే డబ్బు కట్టించుకుని టికెట్టు ఇస్తారు. అతను టికెట్టు ఇచ్చి ఊరుకోలేదు. ఒక తెల్ల కాగితం మీద రైలు నంబరు రాశాడు, పక్కన గడియారం బొమ్మ గీసి ముళ్లు పెట్టాడు, కింద నా సీటు నంబరు రాశాడు. ఆ తర్వాత రెండు చేతులతో ఆ కాగితం అందిస్తూ, తనకు ఇంగ్లీషు సరిగా రాదని, మన్నించమని అన్నాడు. వాళ్ల దేశానికి వెళ్లింది నేను, వాళ్ల భాష నేర్చుకోవలసింది నేను. మన్నించమని అడిగింది ఆ పిల్లవాడు. అతని తర్వాత ఆ మాట నాతో చాలామంది అన్నారు, ప్రతిసారీ నాకు గొంతులో ఏదో అడ్డుపడేది.

భోజనం విషయంలో నా గురించి ఇంట్లోవాళ్లకు బెంగ ఎక్కువగా ఉండేది. మా ఇంట్లో గుడ్డు కూడా తినరు. అమ్మ రోజూ ఫోనులో, “ఏం తిన్నావు నాన్నా?” అనే అడిగేది. నిజానికి శాకాహారులకు తైవాన్ ఎంత అనువైన చోటో వెళితే గానీ తెలియదు. అక్కడ బౌద్ధం వల్ల మాంసం ముట్టనివాళ్లు చాలామంది. శాకాహార హోటళ్ల బోర్డుల మీద స్వస్తిక్ గుర్తు ఉంటుంది, మనదానికి ఎదురు దిక్కుకు తిరిగి. చాంద్రమాసంలో మొదటి రోజున, పదిహేనో రోజున, అంటే అమావాస్యకూ పౌర్ణమికీ, మామూలుగా మాంసం తినేవాళ్లు కూడా కొందరు మానేస్తారు. ఆ రెండు రోజులూ ఈ హోటళ్లలో కూర్చునేందుకు చోటు దొరకదు.

మా విశ్వవిద్యాలయం దగ్గర అలాంటిది ఒకటి ఉండేది. పొడవాటి బల్లల మీద ముప్పై రకాల కూరలు పరిచి ఉంటాయి. అట్టపెట్టెలో కావలసినవి వడ్డించుకుని వెళితే తూకం వేసి ధర చెబుతారు. దాన్ని నడిపేది అరవై ఏళ్ల ఒకావిడ. అందరూ ఆయీ, అంటే పిన్నీ, అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాడిని. ఆమె నన్ను ‘తోంగ్‌ష్యే’ అనేది. విద్యార్థులను అక్కడి దుకాణాలవాళ్లు అలాగే పిలుస్తారు.

నేను కూరల ముందు నిలబడి ఒక్కొక్కటీ చూపించి “గుడ్డు?” అని అడగడం ఆమె రెండు రోజులు గమనించింది. మూడో రోజు తూకం దగ్గర కోడలిని కూర్చోబెట్టి నా పక్కకు వచ్చింది. గరిటెతో ఒక్కొక్క పళ్లెం తాకుతూ, తినగలిగినదైతే తల ఊపింది, గుడ్డు ఉన్నదైతే గరిటె అడ్డంగా ఆడించింది. ఆ తర్వాత కూర్చోబెట్టి నా తిండి సంగతంతా ఆరా తీసింది. గుడ్డు తింటావా? తినను. పాలు? తాగుతాను. ఉల్లిపాయ? తింటాను. వెల్లుల్లి? తింటాను. అక్కడ ఆమె ఆగిపోయింది. తైవాన్ బౌద్ధ శాకాహారులు ఉల్లి, వెల్లుల్లి వంటి అయిదు ఘాటు దినుసులను మాంసంతో పాటే వదిలేస్తారు, గుడ్డు మాత్రం చాలామంది తింటారు. ఆమె లెక్కలో నా పద్ధతి పూర్తిగా తలకిందులు. మా నాయనమ్మ కార్తీక మాసం నెల్లాళ్లూ ఉల్లి, వెల్లుల్లి ముట్టదని నాకు వచ్చిన చైనీస్ ముక్కలతో, ఫోనులోని నిఘంటువుతో ఎలాగో చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. నాయనమ్మ వయసెంత, ఆరోగ్యం ఎలా ఉంది, ఆ నెలలో ఏం వండుకుంటుంది అని అడిగింది.

తైవాన్‌లో శాకాహార పొట్లాల మీద అయిదు రకాల్లో ఏదో ఒకటి తప్పనిసరిగా రాయాలి: పూర్తి శాకాహారం, గుడ్డు ఉన్నది, పాలు ఉన్నది, రెండూ ఉన్నది, ఘాటు దినుసులు ఉన్నది. ఆయీ ఒక పాత పొట్లం తెచ్చి ఆ అక్షరాలు ఎలా ఉంటాయో చూపించింది. ఏది కొనాలో, ఏది కొన్నా వెనక ఏం చదవాలో నేర్పింది. తర్వాత బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చించి, పెద్ద అక్షరాలతో నాలుగు వరుసలు రాసి ఇచ్చింది. ఈ విద్యార్థి మాంసం, చేప, గుడ్డు తినడు. ఆకుకూరల మీద మాంసం రసం పోయవద్దు. పందికొవ్వు, ఆయిస్టర్ సాసు వద్దు. ఉల్లి, వెల్లుల్లి, పాలు పరవాలేదు. చివర ‘శ్రమ ఇస్తున్నాను, కృతజ్ఞతలు’ అని నా తరఫున తనే చేర్చింది. ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి పర్సులో పెట్టుకున్నాను. తైనాన్‌లో, తైతుంగ్‌లో, కొండల మీది చిన్న ఊళ్లలో ఎక్కడ చూపించినా జనం దాన్ని ఆసాంతం చదివి, లోపలికి వెళ్లి వంటమనిషికి కూడా చూపించి, వీలుకాకపోతే వీలయ్యే చోటికి తీసుకుపోయేవారు. తైతుంగ్‌లో నూడుల్స్ బండి ఆయన తన దగ్గరున్నదంతా మాంసం నీళ్లతో చేసిందేనని, బండి భార్యకు అప్పగించి, రెండు వీధులు నడిపించి మరొకరి కొట్లో కూర్చోబెట్టి వెళ్లాడు. తనకు రావలసిన బేరాన్ని పక్కవాడికి ఇచ్చి వెళ్లిన మనిషి.

హాస్టల్ వదిలి గది అద్దెకు తీసుకున్నాక ఇల్లుగలావిడ పరిచయమైంది. మా అమ్మ ముచ్చటపడి పంపిన రైస్ కుక్కర్ అక్కడ పని చేయలేదు. మన కరెంటు 230 వోల్టులు, తైవాన్‌లో 110. కుక్కర్ వెచ్చబడుతుంది, అన్నం ఉడకదు. ఆవిడకు ఆ సంగతి తెలిసి, కింది అంతస్తు నుంచి పచ్చ రంగు తాతుంగ్ కుక్కర్ పట్టుకుని నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చింది. 1960 నుంచి తైవాన్ వంటిళ్లలో ఉన్న వస్తువది. లోపలి గిన్నెలో బియ్యం, బయటి గిన్నెలో ఒక కప్పు నీళ్లు. ఆ నీళ్లు ఆవిరైపోగానే మీట టక్కున పైకి లేస్తుంది, అన్నం అయినట్టే. తన పెళ్లిలో పుట్టింటివాళ్లు ఇచ్చిన కుక్కరట అది. నేను వద్దన్నా వినలేదు. మొదటి వాయి అన్నం ఉడికేదాకా నా గదిలో కూర్చుని, మీట లేచాక మూత వెంటనే తీయనివ్వకుండా పది నిమిషాలు ఆపింది. ఆ కుక్కర్‌లో నేను ఎన్నోసార్లు పులిహోర కలిపి కిందికి పట్టుకెళ్లాను. ఆవిడకు చింతపండు పులుపు నచ్చింది, ఇంగువ మాత్రం నచ్చలేదు. నచ్చలేదని మొహమాటం లేకుండా చెప్పింది కూడా.

సాయంత్రం చెత్త బండి బీథోవెన్ పియానో బాణీ మోగించుకుంటూ వచ్చేది. వీధి వీధంతా సంచులు పట్టుకుని కిందికి దిగుతుంది. కాగితం, ప్లాస్టిక్, గాజు వేరు. తిండిలో వండిన మిగులు అప్పట్లో పందులకు మేతగా ఒక పీపాలోకి, పచ్చి తొక్కలు ఎరువుకు మరో పీపాలోకి. ఇల్లుగలావిడ మొదట్లో నా సంచి తెరిచి, ఏది ఎందులో వేయాలో చూపించి, మర్నాడు నేనే వేరు చేసి తెచ్చినప్పుడు బండి మనిషికి కూడా చూపించి మెచ్చుకుంది. నా గురించి వీధిలో అందరికీ తెలియడం అక్కడి నుంచే మొదలైంది. 2015 ఆగస్టులో సౌడెలోర్ తుఫాను వచ్చినప్పుడు ద్వీపంలో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. ముందు రోజే ప్రభుత్వం సెలవు ప్రకటించింది. ఆ సాయంత్రం ఆవిడ టార్చి, నీళ్ల సీసాలు, నూడుల్స్ పొట్లాలు తెచ్చింది. పొట్లాల వెనక ఉన్న ముక్క చదివి నాకు పనికొచ్చేవే ఏరింది. కిటికీలకు టేపు అంటించి, బాల్కనీలోని మొక్కల కుండీలు లోపల పెట్టించి, రాత్రి భయమేస్తే తలుపు కొట్టమని చెప్పి వెళ్లింది.

బస్సుల గురించి ఒక్క మాటే. దిగేటప్పుడు ప్రయాణికులు డ్రైవరుకు ‘షియే షియే’ అని ధన్యవాదం చెబుతారు, పిల్లలూ ముసలివాళ్లూ అందరూ. ఒకసారి హైస్పీడ్ రైలు స్టేషన్‌కు వెళుతుందా అని బస్సు మెట్ల మీద నుంచి అడిగితే, డ్రైవరు బ్రేకు వేసి ఉంచి, బస్సులో ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెనక్కి తిరిగి అడిగాడు. స్కూలు పిల్ల ఒకమ్మాయి లేచి వచ్చింది. ఒక పెద్దాయన వేరే బస్సు మేలన్నాడు, మరొకాయన కాదన్నాడు. చర్చ తేలేదాకా బస్సు కదల్లేదు. చివరికి పెద్దాయన మాటే నెగ్గి, నాకు ఆ బస్సు ఎక్కడ ఎక్కాలో చెప్పి పంపారు.

నా మనసులో అన్నిటికన్నా లోతుగా నిలిచిపోయింది ఆసుపత్రి. తైవాన్ జాతీయ ఆరోగ్య బీమా 1995 మార్చి 1న మొదలైంది. నివాస కార్డు ఉన్న విదేశీ విద్యార్థులు కూడా ఆరు నెలలు గడిచాక అందులో చేరతారు. నా రోజుల్లో, 2020 దాకా, నెలకు 749 తైవాన్ డాలర్లు కట్టేవాళ్లం. కార్డు చేతిలో ఉంటే స్థానికులకు ఎలాగో మనకూ అలాగే. రెండో ఏడాది చలికాలంలో నాకు జ్వరం, దగ్గు పట్టి వారం రోజులైనా తగ్గలేదు. ఒంటరిగా పెద్దాసుపత్రికి వెళ్లాను. అక్కడి ఆసుపత్రుల్లో గుమ్మం దగ్గరే వాలంటీర్లు ఉంటారు, చాలామంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, చేతుల్లేని కోటు వేసుకుని. నా దగ్గరికి వచ్చినాయనకు ఎనభై దాటి ఉంటాయి. విదేశీయుడినని చూసి ముందు జపనీస్‌లో పలకరించారు. 1945 దాకా తైవాన్ జపాన్ పాలనలో ఉండేది, ఆయన చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న భాష అది. నాకు అదీ రాదని తెలిసి నవ్వి, నా మోచెయ్యి పట్టుకున్నారు. నమోదు దగ్గర, వైద్యుడి గది దగ్గర, ఎక్స్‌రే దగ్గర, మళ్లీ వైద్యుడి దగ్గర, ప్రతిచోటా నా పక్కనే కూర్చున్నారు. నంబరు వెలిగినప్పుడల్లా నాకన్నా ముందు ఆయనే లేచారు. మధ్యాహ్నం ఆయన వేళ అయిపోయినట్టుంది, మరో వాలంటీరు వచ్చి ఏదో అంటే తల అడ్డంగా ఊపి ఉండిపోయారు.

మందుల కిటికీ దగ్గర అమ్మాయి మందులను ఒక్కొక్క పూటకు ఒక్కొక్క చిన్న పొట్లంగా కట్టి ఇచ్చింది, అక్కడ పద్ధతి అదే. పొట్లాల మీద చైనీస్‌లో రాసి ఉంది. ఆ అమ్మాయి నన్ను, వెనక వరుసను చూసింది. పెన్ను తీసుకుని పొట్లాల మీద బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. ఉదయానికి సగం సూర్యుడు, మధ్యాహ్నానికి నిండు సూర్యుడు, రాత్రికి నెలవంక. పక్కన అన్నం గిన్నె, గిన్నెకు కుడివైపు బాణం గుర్తు, అంటే తిన్నాకే వేసుకోవాలని. అయిదు రోజుల మందులు, ప్రతి పొట్లం మీదా గీసింది. మొదటి దాని మీద గీసి మిగిలినవీ ఇంతే అనవచ్చు, ఆ అమ్మాయి అలా అనలేదు. వాలంటీరు తాతగారు పక్కన నిలబడి ఏ పొట్లం మీద ఏ బొమ్మ ఉందో సరిచూశారు. బయట టాక్సీ దాకా వచ్చి, నా చిరునామా కార్డు డ్రైవరుకు చూపించి, తలుపు వేసి, బండి కదిలేదాకా నిలబడ్డారు.

సరుకు కొన్న బిల్లుల మీద ఉండే లాటరీ మరో ముచ్చట. 1951 నుంచి ఉన్న ఏర్పాటు. అమ్మకం పన్ను ఎగ్గొట్టకుండా జనమే బిల్లు అడిగి తీసుకోవాలని ప్రతి బిల్లుకూ ఒక నంబరు ఇస్తారు, బేసి నెలల్లో 25న డ్రా తీస్తారు. పెద్ద బహుమతి కోటి తైవాన్ డాలర్లు, చివరి మూడంకెలు కలిస్తే 200. విదేశీయులకూ హక్కు ఉంది. నేను బిల్లు బల్ల మీద వదిలేసి బయటికి వస్తే ఫలహారం కొట్టు అబ్బాయి పరుగెత్తుకుంటూ వచ్చి చేతిలో పెట్టేవాడు. ఆయీ అయితే నా బిల్లులన్నీ ఒక డబ్బాలో దాచి, 25 దాటాక కళ్లజోడు పెట్టుకుని నా ఎదుటే నంబర్లు చూసేది. రెండు వందలు తగిలిన రోజు వంటింట్లో ఉన్నవాళ్లందరినీ పిలిచి చూపించింది.

ఇంత చెప్పాక మరో సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఈ ఆదరణ పరాయివాళ్లందరికీ ఒక్కలా అందడం నేను చూడలేదు. నేను విద్యార్థిని, ఇంగ్లీషు వచ్చినవాడిని, సైన్స్ పార్కు నీడలో ఉన్నవాడిని. ఇండొనేసియా, వియత్నాం, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో, పడవల మీద, ముసలివాళ్ల మంచాల పక్కన పని చేసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆదివారం వస్తే తైపే ప్రధాన రైల్వే స్టేషన్ హాల్లో నలుపు తెలుపు గళ్ల నేల మీద ఇండొనేసియా ఆడపిల్లలు గుంపులుగా కూర్చుని తెచ్చుకున్న అన్నం పంచుకుని తింటారు. వారంలో వాళ్లకు దొరికే సెలవు అదొక్కటే, అదీ దొరికినవాళ్లకు. అందులో కొందరితో మాట్లాడాను. తమ యజమానురాలు కూతురిలా చూస్తుందని చెప్పినవాళ్లూ ఉన్నారు, నెలల తరబడి సెలవు లేదన్నవాళ్లూ ఉన్నారు. 2020లో కరోనా వల్ల ఆ హాల్లో కూర్చోవడం ఆపేశారు. దాన్ని శాశ్వతం చేస్తారన్న వార్త రాగానే మే నెలలో తైవాన్ కుర్రకారే వెళ్లి ఆ నేల మీద కూర్చుని నిరసన తెలిపారు. ఆ ఆలోచన వెనక్కి పోయింది. 2024 ఫిబ్రవరిలో భారతీయ కార్మికులను తీసుకునే ఒప్పందం కుదిరినప్పుడు, ఈశాన్య భారతం వాళ్ల ఒంటి రంగు, తిండి తమకు దగ్గరగా ఉంటాయి కనుక ముందు వాళ్లను తీసుకుంటామని అప్పటి కార్మిక మంత్రి అన్నారు, విమర్శలు రాగానే క్షమాపణ చెప్పారు. నాకు ఆ మాట చాలా బాధ కలిగించింది. నా మందుల పొట్లాల మీద బొమ్మలు గీసిన దేశం నుంచే ఆ మాట వచ్చింది. రేపు మనవాళ్లు అక్కడ ఫ్యాక్టరీల్లో పనికి చేరినప్పుడు వాళ్లకూ నాకు దొరికిన ఓర్పే దొరకాలని గట్టిగా కోరుకుంటున్నాను.

కరోనా మొదటి రోజుల్లో, 2020 ఫిబ్రవరి 6 నుంచి, మాస్కులను ఆరోగ్య బీమా కార్డు మీద మందుల షాపుల్లో ఇచ్చారు. ఒకటి అయిదు డాలర్లు, వారానికి రెండు. కార్డు చివరి అంకె బేసి అయితే కొన్ని రోజులు, సరి అయితే కొన్ని రోజులు, ఆదివారం అందరికీ. విదేశీయులకూ అదే వరుస, అదే లెక్క. పెద్ద కట్టలుగా వచ్చిన మాస్కులను మా వీధి మందుల షాపాయన, భార్య రాత్రుళ్లు కూర్చుని రెండేసి చొప్పున సంచుల్లో వేసేవారు. నా రోజు ఏదో కాగితం మీద రాసి ఇచ్చారు. ఒక వారం నేను వెళ్లకపోతే, ఒంట్లో బాగుందా అని ఇల్లుగలావిడను అడిగి కనుక్కున్నారు.

2021 ఏప్రిల్ వచ్చేసరికి మన దేశంలో రెండో విడత ముంచెత్తింది. తైవాన్‌లో అప్పటికి జనం మామూలుగా తిరుగుతున్నారు, టీవీల్లో ఢిల్లీ శ్మశానాలు చూపిస్తున్నారు. మా మేనమామ గుంటూరులో ఆక్సిజన్ మీద ఉన్నాడు. విమానాలు లేవు. నేను ఎక్కడికి వెళ్లినా కొట్లవాళ్లు ముందు ఇంట్లోవాళ్ల క్షేమం అడిగేవారు, తర్వాతే ఏం కావాలని. మే 2న తైవాన్ నుంచి 150 ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు, 500 సిలిండర్లు భారత్‌కు బయలుదేరాయి. ఆ వార్త ఉన్న పత్రికను ఆయీ మడిచి దాచి, నేను వెళ్లగానే బల్ల మీద పరిచింది. పక్కన కూర్చుని మా మామయ్య పేరు అడిగింది. పుట్టిన తేదీ, ఊరు, ఇంటి చిరునామా కూడా అడిగింది. అక్కడి గుళ్లో మొక్కుకునేటప్పుడు దేవుడికి అవన్నీ చెప్పాలి, మనం పేరూ గోత్రమూ చెప్పుకున్నట్టే. బ్రాడీపేటలోని ఆ చిరునామాను నేను పలుకుతుంటే ఆమె చైనీస్ అక్షరాల్లో, శబ్దానికి శబ్దం వెతుక్కుంటూ రాసుకుంది. పలకడం సరిగా వచ్చిందో లేదో నాతో రెండుసార్లు చెప్పించుకుని, తను చదివి వినిపించి సరిచేయించుకుంది. షిన్‌చూలో 1748లో కట్టిన నగర దేవుడి గుడి ఉంది, అక్కడికి వెళ్లి మొక్కి వచ్చింది. మామయ్య కోలుకున్నాడు. ఆయన ఇంటికి వచ్చిన రోజు వీడియో కాల్ చేసి ఆయీకి చూపించాను. ఆమె చైనీస్‌లో, ఆయన తెలుగులో, మధ్యలో నా అవసరం లేకుండా చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఈ మధ్య నరసరావుపేట నుంచి ఒక కుర్రాడు ఫోను చేశాడు. షిన్‌చూలో సీటు వచ్చింది, ఏమేం తీసుకెళ్లాలి అన్నయ్యా అని. కుక్కర్, మిక్సీ వద్దు, 110 వోల్టులకు పనిచేయవు, అక్కడ తాతుంగ్ కుక్కర్ కొనుక్కోమన్నాను. కందిపప్పు తైపేలోని భారతీయ దుకాణాల్లో దొరుకుతుంది, ఇంగువ పట్టుకెళ్లు. నివాస కార్డు, బీమా, అద్దె ఒప్పందం, ఏ సందేహం వచ్చినా విదేశీయుల కోసం 1990 నంబరు ఉంది, ఇంగ్లీషులో చెబుతారు. ఇంతలో వాళ్లమ్మ ఫోను తీసుకుంది. “బాబూ, వాడికి ఒంట్లో బాగోకపోతే అక్కడ చూసే దిక్కు ఎవరు?” అని అడిగింది. ఆసుపత్రి వాలంటీరు గురించి, పొట్లాల మీది సూర్యుడు, నెలవంక గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె అంతా విని, పచ్చళ్లు పంపవచ్చా అంది. ఆవకాయ, గోంగూర పంపండి, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, విమానాశ్రయంలో పట్టుకుంటే జరిమానా భారీగా ఉంటుంది, గోంగూరలో ఒక సీసా ఇల్లుగలావిడ కోసం విడిగా కట్టండి అని చెప్పాను.